ఐదడుగుల ఫొటో గోడకెక్కాలంటే

మీరు చెప్పింది ఇదీ: 60 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల ఎత్తు ప్రింటు ట్యూబులో చుట్టి ఇంటికొచ్చింది. ల్యాండ్‌స్కేప్ ఫొటో, పైన సగం ఆకాశమే. ఏదైనా బోర్డుకి స్ప్రే జిగురుతో అతికించి, వెనక తీగ కట్టి, హాల్లో మేకుకి తగిలించేద్దామనుకుంటున్నారు. ఏ బోర్డు మంచిది, ముందు గాజు పెట్టాలా వద్దా అని అడిగారు.

ఇంట్లో చేసుకోవచ్చు. కానీ స్ప్రే జిగురు వద్దు, తీగ కూడా వద్దు. ట్యూబు ఇంకా విప్పకపోతే విప్పకండి. ఇది పూర్తిగా చదివాక విప్పండి.

నేను పదిహేనేళ్లుగా నా ఫొటోలు, స్నేహితుల ఫొటోలు పెద్దవి చేసి బిగిస్తున్నాను. మొదటి నాలుగైదు చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఏ4 సైజు ఫొటోలకి ఫ్రేములు కట్టిన అనుభవం ఉంది కదా, ఇదీ అంతే అనుకోవడమే నా పొరపాటు. పెద్ద ప్రింటు అనగానే అందరూ బరువు గురించి భయపడతారు. కాగితానికి బరువెంతని? అసలు తలనొప్పి అల. కాగితం గాలిలో తేమ పీల్చుకుని కాస్త సాగుతుంది. వెయ్యికి రెండు వంతులు సాగిందనుకోండి. పది అంగుళాల ప్రింటులో అది అర మిల్లీమీటరు, ఎవరికీ తెలీదు. మీ 60 అంగుళాల ప్రింటులో అదే 3 మిల్లీమీటర్లు. అంచులు బిగించి ఉన్న కాగితానికి ఆ 3 మిల్లీమీటర్లు పోయే దారి లేదు, అందుకని ముందుకి ఉబ్బుతుంది. పక్క కిటికీలోంచి సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే చాలు, మీ ఆకాశం నిండా అలలు కనిపిస్తాయి. చెట్లూ కొమ్మలూ ఉన్న చోట అల దాక్కుంటుంది. ఖాళీ ఆకాశంలో దాక్కోలేదు. మీ ఫొటోకి చదును ముఖ్యమని ఇంతగా చెప్పేది అందుకే.

ఇంకో సంగతి. మనం మామూలుగా ముందు ప్రింటు తీయించి, తర్వాత బోర్డు వెతికి, చివర్లో మేకు ఎక్కడ కొట్టాలా అని గోడ వైపు చూస్తాం. పెద్ద సైజులో ఇది తిరగబడాలి. గోడ చూసుకుని, దాన్ని బట్టి బరువు, బరువుని బట్టి బోర్డు, బోర్డుని బట్టి కాగితం. మీకు ప్రింటు ఎలాగూ వచ్చేసింది కాబట్టి కాగితం ఏమిటో అదే ఉంటుంది. మిగతావి ఈ వరసలో చూద్దాం.

గోడ కంటే ముందు గుమ్మం. నవ్వకండి. నేనొకసారి ఏడడుగుల ప్యానెల్ చక్కగా తయారు చేయించి తెచ్చాను. మెట్ల మలుపు దగ్గర అది తిరగలేదు. నిలువుగా పెడితే పై స్లాబుకి తగులుతోంది, అడ్డంగా పెడితే కటకటాలకి తగులుతోంది. నలుగురం గంటసేపు రకరకాలుగా తిప్పి చూసి, చివరికి బాల్కనీ మీదుగా తాళ్లు కట్టి పైకి లాగాం. చుట్టిన ప్రింటు ఎక్కడికైనా వెళ్తుంది, బోర్డుకి అతికించాక వెళ్లదు. బయట అతికించేలా అయితే 60 బై 40 అట్టముక్కొకటి పట్టుకుని గుమ్మం, లిఫ్టు, మెట్లు ఒకసారి నడిచి చూడండి.

ఇక గోడ. బయటి వైపు గోడ అయితే వానాకాలంలో చెమ్మ పడుతుందేమో చూడండి. పెయింటు పొక్కులు లేచిన చోటు, ఉప్పు పూసిన చోటు, బాత్రూమ్‌కి ఆనుకున్న గోడ వద్దు. వేరే గోడ లేకపోతే ఫొటోకీ గోడకీ మధ్య కనీసం రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, గాలి ఆడాలి. గోడకి అంటుకుపోయి ఉన్న బోర్డు వెనకే బూజు పడుతుంది. నేరుగా ఎండ పడే గోడ కూడా వద్దు. ఇంకు రంగు వెలవడం ఒక కారణం. బోర్డు ఒక వైపే వేడెక్కి వంగడం ఇంకో కారణం, దాని సంగతి చాలామందికి తట్టదు.

ఎత్తు విషయంలో చిన్న ఫొటోలకైతే మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 152 సెంటీమీటర్ల మధ్య, అంటే నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో పెట్టడం వాడుక. మీ ప్రింటు ఎత్తు 102 సెంటీమీటర్లు. మధ్యభాగం 150 దగ్గర పెడితే కింది అంచు 99 దగ్గర, పై అంచు 201 దగ్గర వస్తాయి. కింద సోఫా ఉంటే దాని వీపుకీ ఫొటోకీ మధ్య ఒక జానెడు వదిలితే చాలు. అంతకన్నా పైకి వెళ్తే ఫొటో సోఫాకి సంబంధం లేనట్టు గాల్లో తేలుతుంది. ఈ లెక్కలన్నీ ఒకెత్తు, పాత వార్తాపత్రికలు ఒకెత్తు. నాలుగైదు షీట్లు కలిపి అదే సైజులో అతికించి, పెయింటర్లు వాడే టేపుతో గోడకి అంటించి రెండు రోజులు వదిలేయండి. కూర్చున్నప్పుడు, నడుస్తున్నప్పుడు, లైటు వేసినప్పుడు ఎలా ఉందో కంటికే తెలుస్తుంది. నేను ఇప్పటికీ ప్రతిసారీ ఇది చేస్తాను, దాదాపు ప్రతిసారీ మొదట అనుకున్న చోటు మారుతుంది.

ఇప్పుడు బరువు, దాంతోపాటే మీ గాజు ప్రశ్న. మీ ప్రింటు వైశాల్యం సుమారు 1.55 చదరపు మీటర్లు. 3 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకి 7.5 కిలోలు, అంటే గాజు ఒక్కటే 11 కిలోలు దాటుతుంది. అదే మందం అక్రిలిక్, అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్ షీటు అయితే అయిదున్నర కిలోలు. ఆ సైజు పల్చటి గాజు రెండు చేతుల మధ్య ఊగుతుంటే పట్టుకున్నవాడికి తెలుస్తుంది ఆ టెన్షన్. పగిలితే ప్రింటూ పోతుంది, మనిషికీ ప్రమాదం. కాబట్టి ఈ సైజులో గాజు నేను పెట్టను. పెడితే అక్రిలిక్, లేకపోతే అసలేమీ లేకుండా.

అక్రిలిక్‌కి దాని గొడవలు దానికున్నాయి. వేడికి గాజు కన్నా చాలా ఎక్కువ సాగుతుంది. మీటరున్నర షీటు 20 డిగ్రీల తేడాకి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఫ్రేము గాడిలో బిగుతుగా కూర్చోబెడితే ఎండాకాలంలో మధ్యలో ఉబ్బుతుంది. షీటుని గాడి కొలత కన్నా 3 మిల్లీమీటర్లు తక్కువ కోయించండి. ప్రింటుకీ దానికీ మధ్య సన్నటి బద్దలు పెట్టి ఖాళీ ఉంచాలి, ఈ సైజుకి 6 మిల్లీమీటర్లయినా కావాలి. ప్రింటు అక్రిలిక్‌కి ఆని ఉంటే తేమకి అంటుకుంటుంది, తర్వాత విడదీయబోతే రంగు దానితోపాటే ఊడి వస్తుంది. పైగా రక్షణ ఫిల్ము పీకగానే స్టాటిక్ వల్ల గదిలోని దుమ్మంతా దాని మీదకి దూకుతుంది. ఫిల్ము చివరి నిమిషంలో, నెమ్మదిగా, లోపలి వైపుది మాత్రమే తీయండి. బయటి వైపుది గోడకి ఎక్కాక తీసినా నష్టం లేదు.

మ్యూజియంలలో పెద్ద ఫొటోలు అక్రిలిక్‌కే నేరుగా అతికి, నీళ్లలోంచి చూస్తున్నట్టు మెరుస్తూ కనిపిస్తాయి కదా, ఆ పద్ధతి వేరు. ప్రింటు ముఖాన్నే అక్రిలిక్‌కి అతికిస్తారు. జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో తీసిన రైన్ నది ఫొటో 2011లో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లకి పైగా పలికింది, అది అలా అతికించిన ప్రింటే. ఇంట్లో దాని జోలికి వెళ్లకండి. అక్కడ ఒక్క నలుసు పడినా అది జీవితాంతం ఫొటో ముందే ఉంటుంది, తీసే మార్గం లేదు.

బోర్డు సంగతి. థర్మోకోల్ గురించి కూడా అడిగారు, వద్దు. చాలా స్ప్రే జిగుర్లలోని సాల్వెంటు దాన్ని కరిగించేస్తుంది, కరగకపోయినా దాని గుళికల ఆకారం మెరిసే కాగితం మీద తేలుతుంది. 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు చాలా తేలిక, కత్తితో తేలిగ్గా తెగుతుంది. కానీ ఈ సైజులో ఒక వైపు ప్రింటు అతికించగానే విల్లులా వంగుతుంది. ఆ కాగితం లాగే లాగుడికి వెనక వైపు జవాబు ఉండదు మరి. వెనక కూడా అంతే మందం కాగితం అతికిస్తే రెండూ సమానంగా లాగి బోర్డు నిటారుగా నిలబడుతుంది. ఈ చిట్కా చెక్క పీచు అదిమి చేసే ఎమ్‌డీఎఫ్‌కి, ప్లైవుడ్‌కి కూడా పనికొస్తుంది. ఫోమ్ బోర్డే కావాలంటే 10 మిల్లీమీటర్లది తీసుకుని, వెనక కాగితం వేసి, చుట్టూ చెక్క ఫ్రేము పెట్టండి. 6 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ ఈ సైజులో ఏడు కిలోలు ఉంటుంది, తేమ తగిలితే అంచులు ఉబ్బుతాయి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పదకొండు కిలోల దాకా తూగుతుంది, దాని మీది పీచు గీతలు పల్చటి కాగితంలోంచి తేలి కనిపించవచ్చు. సన్‌బోర్డు అని పిలిచే పీవీసీ షీటు చదునుగానే ఉంటుంది కానీ వేడికి మెత్తబడుతుంది. ఎండ తగలని గోడైతే పరవాలేదు.

నా ఓటు ఏసీపీ షీటుకి. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న షీటు, సైన్‌బోర్డులకి వాడేదే. 3 మిల్లీమీటర్లది మీ సైజుకి ఆరు కిలోల లోపే వస్తుంది. తేమకి ఉబ్బదు, రెండు వైపులా ఒకే రేకు కాబట్టి ఒంటివైపు లాగుడికి తేలిగ్గా లొంగదు. లోహం కూడా వేడికి సాగుతుంది కానీ అక్రిలిక్‌తో పోలిస్తే మూడో వంతే. కొనేటప్పుడు షీటుని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి, సొట్టలుంటే అక్కడే తెలుస్తాయి. కొలతకి అక్కడే కోయించేయండి. ఇంట్లో కత్తితో కోయగలిగింది కాదు.

అతికించడం. ముందు ప్రింటుని ట్యూబులోంచి తీసి నేల మీద శుభ్రమైన దుప్పటి పరిచి, బొమ్మ పైకి ఉండేలా వదలండి. పైన మరకల్లేని తెల్ల కాగితం కప్పి, అంచుల మీద మాత్రమే పుస్తకాలు పెట్టండి. రెండు రోజులు. చుట్ట అలవాటు పోవడానికి ఆ టైమ్ కావాలి. పైగా ఇంకులోని ద్రవాలు పూర్తిగా ఆరాలి. ఆరని ప్రింటుని అక్రిలిక్ వెనక మూసేస్తే కొన్నాళ్లకి లోపలి వైపు మసక పొర పడుతుంది.

ఎత్తేటప్పుడు జాగ్రత్త. ఇద్దరు కావాలి, చేతులకి నూలు గ్లవ్స్ కావాలి. పెద్ద కాగితాన్ని ఒక అంచు పట్టుకుని లేపితే వేళ్ల పక్కనే కాగితం మడత పడి నెలవంక ఆకారంలో చిన్న నొక్కు పడుతుంది. అది ఏం చేసినా పోదు. ఎదురెదురు మూలలు పట్టుకుని, కాగితం ఊయలలా వేలాడేలా లేపితే నొక్కులు పడవు. మొదటి రోజుల్లో నా ప్రింట్లకి ఇలాంటి నెలవంకలు చాలానే ఉన్నాయి.

స్ప్రే జిగురు ఎందుకు వద్దంటున్నానంటే, చేతితో కొట్టే స్ప్రే ఐదడుగుల మేర సమానంగా పడదు. ఒక చోట మందం, ఒక చోట పల్చన, మధ్యలో బొట్లు. అతికించిన రోజు బ్రహ్మాండంగా ఉంటుంది. నా ప్రింటొకటి రెండు ఎండాకాలాలు బాగానే గడిపింది, మూడో ఎండాకాలంలో ఒక మూల నుంచి బుడగలు మొదలై నెల తిరిగేసరికి చెయ్యంత ఉబ్బు వచ్చింది. నొక్కితే దిగేది, తెల్లారేసరికి మళ్లీ లేచేది. ఇస్త్రీ పెట్టె ఆలోచన కూడా వద్దు. వేడికి కరిగే టిష్యూతో అతికించే పద్ధతి ఉంది, మంచిదే, కానీ దానికి వేడి కొలతగా ఇచ్చే ప్రెస్సు కావాలి. మామూలు ఫొటో కాగితం రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది దాదాపు 100 డిగ్రీల దగ్గరే పాడవుతుంది. నూలు బట్టల సెట్టింగులో ఇస్త్రీ పెట్టె 200 డిగ్రీల దాకా వెళ్తుంది.

మిగిలింది చల్లగా అతికించే జిగురు ఫిల్ము. రెండు వైపులా జిగురుండి, అతికించే ముందు పీకేసే కాగితంతో (దీన్నే విడిచే కాగితం అంటున్నాను) రోల్‌గా దొరుకుతుంది. ముందు దాన్ని బోర్డుకి ఎక్కించాలి, తర్వాత ప్రింటుని దాని మీద. సైన్‌బోర్డులు చేసేవాళ్ల దగ్గర పెద్ద రోలర్ల మెషిను ఉంటుంది, అందులోంచి బోర్డూ ప్రింటూ కలిపి పంపిస్తే రెండు నిమిషాల్లో అద్దంలా వస్తుంది. ఇంట్లో చేసుకోవాలని మీకున్న సరదా అర్థమవుతుంది. కానీ నన్నడిగితే ఈ ఒక్క మెట్టు బయట చేయించుకోండి, ముందూ వెనకా పనంతా మీరే చేసుకోండి. 24 బై 36 దాకా నేను చేత్తో చేస్తాను. అంతకు మించితే బయటికే ఇస్తాను. ఇచ్చేటప్పుడు అడగాల్సినవి రెండే: ముందు ఒక పనికిరాని ప్రింటు వేసి రోలర్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూపించమనండి, ప్రింటు మీద మ్యాట్ లామినేషన్ ఫిల్ము కూడా వేయమనండి. ఆ ఫిల్ము ఉంటే ముందు అక్రిలిక్కే అక్కర్లేదు, ప్రతిబింబాల గొడవా ఉండదు.

అయినా చేత్తోనే చేస్తానంటే ఇలా. ఫ్యాను ఆపేయండి. నేల తడిగుడ్డతో తుడిచి అరగంట ఆగండి, గాల్లో ఎగిరే దుమ్ము కిందకి దిగుతుంది. ఉన్ని బట్టలు, నూగు రాలే బట్టలు వేసుకోకండి. లైట్లు తీసేసి టార్చి వెలుగు బోర్డు మీద దాదాపు పడుకోబెట్టినట్టు వేసి చూస్తే ప్రతి నలుసుకీ పొడవాటి నీడ కనిపిస్తుంది. మామూలు లైటులో ఒక్కటీ కనిపించదు. మెత్తటి బ్రష్‌తో తీసి మళ్లీ చూడండి. ప్రింటు వెనక వైపు కూడా అలాగే. ఇది చాదస్తం అనిపిస్తుందేమో. నా దగ్గరొక సముద్రం ఫొటో ఉంది, మెరిసే కాగితం. దాని కింద ఒక కనురెప్ప వెంట్రుక ఉండిపోయింది, నాదే. పొద్దంతా కనిపించదు. సాయంత్రం నాలుగు దాటాక కిటికీ వెలుగు పడగానే ఆకాశంలో సన్నటి గీత తేలుతుంది. ఇంటికొచ్చిన వాళ్లెవరికీ తెలీదు. నాకు మాత్రం ఆ ఫొటోలో ఇంకేమీ కనిపించదు.

జిగురున్న బోర్డు మీద విడిచే కాగితం మొత్తం ఒక్కసారి పీకేయకండి, చాలామంది చేసే తప్పు అదే. పొట్టి అంచు దగ్గర 5 సెంటీమీటర్లు మాత్రమే పీకి వెనక్కి మడవండి. ప్రింటుని సరిగ్గా అమర్చి ఆ అంచుని మాత్రమే అతికించండి. ఇప్పుడు ఒకరు ప్రింటు మిగతా భాగాన్ని వంపుగా పైకి పట్టుకోవాలి, బోర్డుకి తాకనివ్వకూడదు. రెండోవాళ్లు కింద నుంచి విడిచే కాగితాన్ని కొంచెం కొంచెంగా లాగుతూ, పై నుంచి రబ్బరు రోలర్‌ని మధ్య నుంచి అంచులకి తోస్తూ రావాలి. ఒకసారికి జానెడు కన్నా ఎక్కువ వద్దు. మాటలు తక్కువ, తొందర అసలే వద్దు. మధ్యలో వంకర పోయిందని తెలిస్తే మొదటి జానెడులోనే ఆగి విడదీయాలి, తర్వాత ఇక దారి లేదు. బుడగ మిగిలితే సన్నటి సూదిని పడుకోబెట్టి గుచ్చి మెత్తటి గుడ్డతో గాలి బయటికి తోయండి. నిలువుగా గుచ్చితే రంధ్రం కనిపిస్తుంది. ప్రింటు చుట్టూ సెంటీమీటరున్నర తెల్ల అంచు ఉంటే అదృష్టం, అమరిక కాస్త అటూ ఇటూ అయినా అతికాక బోర్డుని బోర్లా తిప్పి, అంచు వెంట కొత్త బ్లేడుతో మిగులు కోసేయొచ్చు.

ఒక హెచ్చరిక. ఇలా అతికించాక ప్రింటు బోర్డు నుంచి మళ్లీ రాదు. మీ దగ్గర ఫైలు ఉంది కాబట్టి పరవాలేదు, పాడైతే ఇంకోటి తీయించుకోవచ్చు. డార్క్‌రూమ్ రోజుల ప్రింటు, తాతల నాటి ఫొటో, నెగటివ్ లేని ఫొటో అయితే జిగురు జోలికే వెళ్లకూడదు. దాన్ని కాపీ తీసి కాపీని పెద్దది చేయాలి.

పిక్సెళ్ల గురించి పక్కన చిన్న అనుమానం అడిగారు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 60 అంగుళాలకి పెంచితే అంగుళానికి 100 పిక్సెళ్లు వస్తాయి. ఐదడుగుల దూరం నుంచి చూసే కంటికి అరవై చాలు. ముక్కు ఆనించి చూసేవాళ్ల గురించి పట్టించుకోకండి.

ఇక వేలాడదీయడం. తీగ ఎందుకు వద్దో ఒక లెక్క. అక్రిలిక్, ఫ్రేము కలిపి మొత్తం 15 కిలోలనుకోండి. తీగ అడ్డం గీతకి 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు తీగలో లాగుడు 15 కిలోలే. ఫ్రేము పైనుంచి మేకు కనబడకూడదని తీగని బిగుతుగా కడతాం కదా, అప్పుడు వాలు 10 డిగ్రీలకి పడిపోతుంది, లాగుడు ఒక్కో వైపు 43 కిలోలకి పెరుగుతుంది. దాదాపు అదంతా ఫ్రేము నిలువు బద్దల్ని లోపలికి లాగే బలమే. మూలల్లో అతుకులు విచ్చుకోవడానికి అదే కారణం. పైగా ఒంటి మేకు మీద ఐదడుగుల ఫొటో తలుపు గట్టిగా వేసినప్పుడల్లా ఒక పక్కకి వాలుతుంది.

దీనికి మందు ఫ్రెంచ్ క్లీట్. పేరు పెద్దది, వస్తువు చిన్నది. ఒక మీటరు పైచిలుకు పొడవున్న ప్లైవుడ్ బద్దని పొడవునా 45 డిగ్రీల కోణంలో రెండుగా చీల్చడమే. ఒక సగం గోడకి, కొస పైకి ఉండి, వాలు గోడ వైపుకి దిగేలా. ఇంకో సగం ఫొటో వెనక, తిరగేసి. పైది కిందదాని మీద ఎక్కి కూర్చుంటుంది, ఫొటో బరువే దాన్ని గోడకి లాగి పట్టుకుంటుంది. వడ్రంగి దగ్గరికి వెళ్తే ఐదు నిమిషాల పని. అల్యూమినియంవి రెడీమేడ్‌గా కూడా దొరుకుతాయి, అవి సన్నగా ఉంటాయి. బరువు మొత్తం బద్ద పొడవునా పరుచుకుంటుంది, ఫొటో వంకరపోదు, కావాలంటే పక్కలకి రెండు అంగుళాలు జరుపుకోవచ్చు. ఫొటో కింది భాగంలో అంతే మందం బద్ద ఇంకోటి పెట్టడం మర్చిపోకండి. లేకపోతే కింది అంచు గోడకి ఆని ఫొటో ముందుకి తల వంచినట్టు ఉంటుంది.

ఫ్రేము ఉంటే బద్దని ఫ్రేముకి స్క్రూలతో బిగించొచ్చు. ఒట్టి ఏసీపీ షీటు అయితే స్క్రూ కుదరదు, ముందుకి పొడుచుకొస్తుంది. షీటు వెనక వైపు, అంచు నుంచి 10, 15 సెంటీమీటర్లు లోపలికి ఒక దీర్ఘచతురస్రంలా అల్యూమినియం గొట్టాలు అతికించాలి. దీనికి యాక్రిలిక్ ఫోమ్ టేపు, అంటే భారీ బరువులకి వాడే రెండు వైపుల టేపు. కిలో బరువుకి సుమారు 57 చదరపు సెంటీమీటర్ల టేపు అన్నది వాడుక లెక్క. ఆరు కిలోలకి 340 చిల్లర, అంటే 25 మిల్లీమీటర్ల వెడల్పు టేపు 140 సెంటీమీటర్లు. నేను దానికి రెట్టింపు వేస్తాను. రెండు ఉపరితలాలూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గట్టిగా నొక్కి, 72 గంటలు వదిలేయండి. పూర్తి పట్టు రావడానికి అంత టైమ్ పడుతుంది. సాయంత్రం అతికించి రాత్రికే ఎక్కించేయకండి.

గోడకి డ్రిల్లు చేసేటప్పుడు మొదటి ప్రశ్న, అది ఏ గోడ? తట్టి చూడండి. గట్టిగా చచ్చిన శబ్దం వస్తే ఇటుకో కాంక్రీటో, డొల్లగా మోగితే జిప్సం బోర్డు. ఇటుక గోడకి పైన ప్లాస్టరింగ్ పొర ఉంటుంది, మామూలుగా ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు. స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దించే రావల్ ప్లగ్ ఆ పొరలో ఆగిపోతే కొన్నాళ్లకి పిడకలా ఊడి వస్తుంది. అది పొర దాటి ఇటుకలో కూర్చోవాలి. స్క్రూ పొడవు ఇలా లెక్కేయండి: క్లీట్ బద్ద మందం 18, ప్లాస్టరింగ్ 15, ప్లగ్ 40, మొత్తం 73. అంటే 75 మిల్లీమీటర్ల స్క్రూ. 8 మిల్లీమీటర్ల ప్లగ్గులు నాలుగు, బద్ద పొడవునా. డ్రిల్లు చేశాక రంధ్రంలోని పొడి ఊది తీయండి, పొడిలో ప్లగ్ తిరుగుతుంది. స్విచ్‌బోర్డుకి నేరుగా పైనా కిందా డ్రిల్లు పెట్టకండి, వైర్లు చాలావరకు నిలువుగానే వెళ్తాయి. కుళాయి ఉన్న గోడకి అవతలి వైపు కూడా జాగ్రత్త. జిప్సం బోర్డు అయితే వెనకున్న నిలువు ఫ్రేము ఎక్కడుందో వెతికి స్క్రూలు అందులో దిగేలా చూడండి, కనీసం రెండైనా. క్లీట్ పొడవుగా ఉండటం ఇక్కడే కలిసొస్తుంది. ఫ్రేము అందని చోట వెనక రెక్కలు విచ్చుకునే టాగుల్ బోల్టులు వాడాలి, మామూలు ప్లగ్ పనికిరాదు.

మొదట ఒక్క స్క్రూనే బిగించి, బద్ద మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చాక మిగతావి గుర్తు పెట్టుకోండి. ఇంటి పైకప్పు గీతనో, తలుపు చట్రాన్నో చూసి మట్టం కట్టకండి, అవే వంకరగా ఉండొచ్చు. ఒకవేళ పైకప్పు మరీ వంకరగా ఉండి, ఫొటో దానికి దగ్గర్లో ఉంటే మాత్రం రసమట్టం చెప్పింది కాస్త పక్కనపెట్టి, కంటికి సరిగా కనిపించేలా సర్దుకోవాల్సి వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే కింది బద్దని కూడా ఒక చిన్న బ్రాకెట్‌తో గోడకి పట్టించండి. క్లీట్ నుంచి ఫొటో పైకి లేపితేనే వస్తుంది, కింద నుంచి ఎవరైనా ఎత్తినా లేస్తుంది మరి.

లైటు ఫొటోకి ఎదురుగా కాకుండా పైనుంచి, నిలువు గీతకి సుమారు 30 డిగ్రీల కోణంలో పడేలా చూసుకోండి. మరీ నిటారుగా గోడ వెంట దిగే లైటు పెడితే చిన్న అల కూడా కొండలా కనిపిస్తుంది.

ఇదంతా చదివి ఓపిక పోయిందా? అతికించకుండానే వేలాడదీసే దారి ఒకటుంది. పై అంచుకి ముందూ వెనకా రెండు సన్నటి చెక్క బద్దలు, మధ్యలో అయస్కాంతాలు. కింది అంచుకి కూడా అలాగే, కొంచెం బరువైనవి. ప్రింటు పాతకాలపు మ్యాపులా వేలాడుతుంది. అల ఉంటుంది, కానీ వేలాడే కాగితానికి అల సహజమే కాబట్టి కంటికి తప్పుగా తోచదు. ఆర్నెల్లు అలా ఉంచి, నిజంగా ఆ ఫొటోతో కలిసి బతకగలమా అని చూసుకుని, అప్పుడు బోర్డుకి పంపినవాళ్లున్నారు. నేనూ రెండుసార్లు అలా చేశాను. ఒకసారి ఫొటోనే మార్చేశాను.

శుభ్రం చేయడం గురించి కూడా చెప్పేస్తాను. అక్రిలిక్ మీద అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు వాడకండి, మెల్లగా మసకబారి సన్న పగుళ్లు పడతాయి. మైక్రోఫైబర్ గుడ్డ కాస్త తడిపి తుడిస్తే చాలు. లామినేషన్ ఉన్న ప్రింటుకీ అంతే. ఏ పూతా లేని మ్యాట్ కాగితం అయితే తడి గుడ్డ తగలనివ్వకండి, నెలకోసారి మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందకి దులపండి. మీ ప్రింటు కాగితం వెనక వైపు ప్లాస్టిక్‌లా నున్నగా ఉందో, గరుకుగా నూలు కాగితంలా ఉందో చూసి చెప్పండి. గరుకుది అయితే లామినేషన్ ఫిల్ము దాని అందాన్ని చంపేస్తుంది, అప్పుడు ఫ్రేమూ అక్రిలిక్కూ తప్పవు.